లిమెరిక్ హాల్లో నాలుగు పాటలు: రికార్డింగ్ డైరీ

జనవరి 11, 2025, శనివారం

ఇవాళ్టి నుంచి ఈ పని ఎంతవరకు వచ్చిందో రాస్తూ ఉంటాను. ఐర్లండ్‌లో, లిమెరిక్‌లో, ఇద్దరు అమ్మాయిలు, ఇద్దరు అబ్బాయిలు కలిసిన బ్యాండ్ ఒకటి ఉంది. పేరు ఇంకా ఖాయం చేసుకోలేదు. సొంతంగా రాసుకున్న పాటలు నాలుగున్నాయి. వాటిని రికార్డు చేసి, మిక్స్ చేసి, ఏప్రిల్‌లోగా వాళ్ళ చేతిలో పెట్టాలి. స్టూడియో అద్దె కట్టే స్తోమత మాలో ఎవరికీ లేదు. అందుకే ఊరి బయట ఒక పాత కమ్యూనిటీ హాలు మాట్లాడుకున్నాం. రేకుల కప్పు, చెక్క నేల, ఒక మూల టీ పెట్టుకునే సింకు. శనివారాలు మాత్రమే ఇస్తారు.

నాది మెట్‌పల్లి. చదువుకోవడానికి వచ్చి ఇక్కడే ఉండిపోయాను. వైద్య పరికరాలు తయారుచేసే ఫ్యాక్టరీలో షిఫ్టు పని. రికార్డింగ్ అంటే పిచ్చి. జీతంలో మిగిలినదంతా మైకుల మీదే పెట్టాను. నా లైన్లోనే పనిచేసే అమ్మాయి ఈ బ్యాండులో బేస్ గిటార్ వాయిస్తుంది. డిసెంబర్‌లో ఒకరోజు టీ బ్రేక్‌లో ఫోన్ నా చెవి దగ్గర పెట్టి, "ఇది విను" అంది. సగం మాటలు వినపడలేదు. కానీ ఒక చోట, అన్న దేశం వదిలి వెళ్ళాక కూడా వంటింట్లో అతని కప్పు అదే కొక్కేనికి వేలాడుతోందని వచ్చింది. ఆ మాట దగ్గర నేను టీ తాగడం మర్చిపోయాను. షిఫ్టు అయ్యేలోపు ఈ పని ఒప్పేసుకున్నాను.

పాడేది, ఎక్కువ పాటలు రాసేది ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్ళు. గిటార్ ఆమె పిన్ని కొడుకు. డ్రమ్స్ వాయించే పిల్లాడికి పంతొమ్మిది. గాయని అన్న పెర్త్‌లో ఉన్నాడు. ఇక్కడ ఏ ఇంట్లో అడిగినా ఆస్ట్రేలియాలోనో కెనడాలోనో ఒకరు ఉంటారు. మా వైపు ఏ ఇంట్లో అడిగినా గల్ఫ్‌లో ఒకరు ఉన్నట్టే.

జనవరి 15, బుధవారం

రిహార్సల్. మైకులు పెట్టలేదు, విన్నాను అంతే.

ఇవాళ క్రాన్‌బెర్రీస్ అనే లిమెరిక్ బ్యాండు గాయని డోలొరెస్ ఓ'రియోర్డన్ పోయిన రోజు. 2018లో, లండన్‌లో, 46 ఏళ్ళకే. లిమెరిక్‌లో బ్యాండు పెట్టిన ఏ పిల్లలకైనా క్రాన్‌బెర్రీస్ నీడ తప్పదు. 1989లో ఈ ఊళ్ళోనే నోయెల్, మైక్ హోగన్ అన్నదమ్ములు, డ్రమ్మర్ ఫెర్గల్ లాలర్ కలిసి మొదలుపెట్టారు. మొదటి గాయకుడు వెళ్ళిపోయాక 1990లో డోలొరెస్ వచ్చింది. నోయెల్ తను కట్టుకున్న గిటార్ ట్యూన్ ఆమెకి ఇచ్చి పంపితే, కొద్ది రోజుల్లో మాటలు రాసుకుని తిరిగొచ్చింది. తనకి ముద్దు పెట్టి, ఆ తర్వాత వేరే అమ్మాయితో కనిపించిన కుర్రాడి గురించి రాసింది. అదే "లింగర్". 1993లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ఉంది, ప్రపంచమంతా పాడుకుంది. టీనేజ్ దాటీ దాటని పిల్ల తనకి జరిగిన అవమానాన్ని ఉన్నదున్నట్టు చెప్పింది, అంతే.

మా గాయని ఆ పాట గురించి ఒక మంచి మాట అంది: "అందులో ఆమె అతన్ని తిట్టదు. తన మీద తనకే వచ్చిన కోపం కూడా దాచదు. నాకు అది కావాలి." నోట్‌బుక్‌లో రాసుకున్నాను. మిక్స్ చేసేటప్పుడు పనికొస్తుంది.

ఒక్క ఇబ్బంది. రిహార్సల్లో ఆమె పాడే ఇంగ్లిష్ అమెరికన్ పాటల్లోంచి వచ్చినట్టుంది. మాట్లాడేటప్పుడు లిమెరిక్ యాస నిండా ఉంటుంది, పాడగానే మాయమవుతుంది. ఇవాళ ఏమీ అనలేదు. బయటివాణ్ణి, మొదటి వారంలోనే యాస గురించి మాట్లాడే హక్కు నాకు లేదనిపించింది.

జనవరి 26, ఆదివారం

నిన్నటి సెషన్ పోయింది. శుక్రవారం ఏయోవిన్ తుఫాను వచ్చి దేశమంతా ఆగిపోయింది. రెడ్ వార్నింగ్, స్కూళ్ళు మూత. గాల్వే తీరాన మేస్ హెడ్ దగ్గర గాలి గంటకు 183 కిలోమీటర్ల వేగం చూపించింది, ఐర్లండ్‌లో ఎప్పుడూ నమోదు కానంత. ఏడు లక్షలకు పైగా ఇళ్ళకి, షాపులకి కరెంటు పోయింది. మా హాలు రేకులు నిలిచాయి, కరెంటు మాత్రం ఇంకా రాలేదు.

కానీ నిన్న రాత్రి గాయని ఫోన్ నుంచి ఒక వాయిస్ మెసేజ్ వచ్చింది. చీకట్లో, దుప్పటి కప్పుకుని, గిటార్ కూడా లేకుండా నాలుగో పాట పాడింది. ఇది నేను వినని పాట. నాన్న గురించి. అలిసిపోయి ఉందో, చలికి వణుకుతోందో, యాస పట్టించుకునే ఓపిక లేదు. 'త్రీ వీక్స్' అనాల్సిన చోట ఇక్కడివాళ్ళు అన్నట్టే 'ట్రీ వీక్స్' అంది. నేను ఆ మెసేజ్ వరసగా ఐదు సార్లు విన్నాను. తర్వాత ఫోన్ చేసి చెప్పాను: "నువ్వు ఇలాగే పాడు. ఇంట్లో మాట్లాడే నోటితో." కాసేపు మాట లేదు. "స్కూల్లో అందరూ నవ్వేవాళ్ళు, పల్లెటూరి యాస అని" అంది. నాకూ హైదరాబాద్ కాలేజీలో అదే జరిగిందని చెప్పాను.

డోలొరెస్ అంత పేరొచ్చాక కూడా లిమెరిక్ యాస వదల్లేదు. ఇప్పటి బ్యాండుల్లో ఫోంటెయిన్స్ డీసీ గాయకుడు గ్రియన్ చాటెన్ డబ్లిన్ యాసలోనే పాడతాడు; 2019లో వాళ్ళ మొదటి ఆల్బమ్ అలాగే వచ్చింది, బ్రిటన్, ఐర్లండ్ ఆల్బమ్‌లకిచ్చే మెర్క్యురీ ప్రైజ్ జాబితాలోకి కూడా ఎక్కింది. ఈ ఉదాహరణలు ఆమెకి నాకంటే బాగా తెలుసు. తెలిసినా సొంత నోటికి ధైర్యం రావడం వేరే సంగతి.

ఫిబ్రవరి 1, శనివారం

కరెంటు ఉంది. డ్రమ్స్ రోజు.

మొత్తం నాలుగే మైకులు వాడాను. కాలితో కొట్టే పెద్ద డ్రమ్ము కిక్‌కి ఒకటి, కర్రలతో కొట్టే చిన్న డ్రమ్ము స్నేర్‌కి ఎస్ఎం57 అనే మైకు, మొత్తం సెట్టు పైన వేలాడే ఓవర్‌హెడ్ మైకులు రెండు. ఓవర్‌హెడ్‌లు రెండూ స్నేర్ నుంచి సమాన దూరంలో ఉండాలి. లేకపోతే ఒకే దెబ్బ రెండు మైకులకి వేర్వేరు సమయాల్లో చేరుతుంది. 34 సెంటీమీటర్ల తేడా ఉంటే దాదాపు ఒక మిల్లీసెకను ఆలస్యం. కలిపి వింటే స్నేర్ పల్చబడి అట్టపెట్టె కొట్టినట్టు వినిపిస్తుంది. కొలిచే టేపు ఇంట్లో మర్చిపోయాను. సింకు దగ్గర దొరికిన పార్సిల్ తాడు తీసుకుని, ఒక కొస డ్రమ్మర్ స్నేర్ మధ్యలో బొటనవేలితో నొక్కిపెడితే, రెండో కొస మైకు మూతి దాకా లాగి ముడి వేశాను. అదే తాడుతో రెండో మైకు. ఆ పిల్లాడికి అది భలే నచ్చింది. తాడు జేబులో పెట్టుకున్నాడు, వచ్చేసారికి.

రికార్డింగ్ నాణ్యత 48 కిలోహెర్ట్జ్, 24 బిట్. సాఫ్ట్‌వేర్ రీపర్. గోడలకి నాలుగు ఇళ్ళ నుంచి తెచ్చిన బొంతలు వేలాడదీశాం.

మొదటి రెండు పాటలు క్లిక్ ట్రాక్, అంటే చెవిలో తాళం కొట్టే టిక్ టిక్ చప్పుడు, పెట్టి వాయించాడు. సరిగ్గా ఉంది, కానీ ప్రాణం లేదు. అన్న గురించిన పాటకి క్లిక్ తీసేశాం. గాయని ఎదురుగా కూర్చుని మెల్లగా పాడింది, అతను ఆమె పెదాలు చూస్తూ వాయించాడు. చివరికి వచ్చేసరికి వేగం కొంచెం పెరిగింది, ఎయిర్‌పోర్టు చరణంలో. గుమ్మం దగ్గర ఆలస్యం చేసి, కారులో ఆదరాబాదరాగా పోయిన ఉదయం గురించిన చరణం అది. ఆ వేగం అలాగే ఉంచుతున్నాం.

మూడో టేకులో వాన మొదలైంది. రేకుల మీద వాన ఓవర్‌హెడ్ మైకుల్లో దట్టంగా పడింది. ఆగితే మళ్ళీ చేశాం, మళ్ళీ పడింది. లిమెరిక్‌లో వాన ఆగేదాకా కూర్చుంటే ఏప్రిల్ కాదు, మరో ఏప్రిల్ వస్తుంది. మంచి టేకు వానలోదే.

ఫిబ్రవరి 8, శనివారం

బేస్, గిటార్ అయిపోయాయి. రాయడానికి పెద్దగా లేదు. గిటార్ యాంప్ కరెంటు గుయ్యిమంటుంటే వేరే ప్లగ్గుకి మార్చాం, తగ్గింది.

ఫిబ్రవరి 22, శనివారం

గొంతు రికార్డింగ్. రోజంతా ఒక్క అన్న పాటే.

పొద్దున ఆమె రెండో చరణంలో పాడిన మాటల అర్థం ఇది: నీ దూరం నా గుండెను చీల్చేసింది. పాడుతోంది, శ్రుతిలోనే ఉంది, నాకేమీ కలగలేదు. బేస్ అమ్మాయి తలుపు దగ్గర నుంచి అడిగింది: "నిజంగా అలా అనిపించిందా?" గాయని ఆలోచించి, "లేదు. అతను వెళ్ళిన మర్నాడు నేను వాడి గది తీసుకున్నాను. పెద్ద గది. చాలా సంతోషమేసింది. అందుకే ఏడుపొచ్చింది" అంది.

ఎవరూ మాట్లాడలేదు. గిటార్ కుర్రాడు పెన్ను ఇచ్చాడు. అరగంటలో చరణం మారిపోయింది. గది, కిటికీ వైపు మంచం జరపడం, గోడ మీద వాడు అంటించిన ఫుట్‌బాల్ పోస్టరు తీస్తే కింద మిగిలిన లేత రంగు చతురస్రం. గుండె అనే మాటే లేదు. అది పాడుతుంటే రెండో టేకులో ఆ చతురస్రం దగ్గర ఊపిరి అందక ఒక క్షణం ఆగింది. ఆ టేకే తీసుకున్నాం.

ఈ పిల్లల్లో నాకు బాగా నచ్చేది ఇదే. బాధ పడ్డామని చెప్పడం వీళ్ళకి తేలికే. గది దొరికిందని సంతోషించానని నలుగురి ముందు ఒప్పుకోవడానికి ధైర్యం కావాలి.

మూడో పాట అద్దెల గురించి, డ్రమ్మర్ రాసింది. ఉద్యోగం ఉన్నా గది దొరక్క అమ్మానాన్నల ఇంట్లోనే ఉండటం. ఒక్క టేకులో అయిపోయింది. మంచి పాట, మార్చాల్సింది లేదు.

మార్చి 2, ఆదివారం

నేను చేసిన తప్పు రాయాలి.

వారమంతా నైట్ షిఫ్టుల తర్వాత కూర్చుని అన్న పాట మిక్స్ చేశాను. గొంతులో శ్రుతి కొంచెం జారిన చోట్ల సాఫ్ట్‌వేర్‌తో సరిచేశాను. మాటల మధ్య ఊపిరి శబ్దాలన్నీ కత్తిరించాను. వెనక వాన చప్పుడు నాయిస్ రిడక్షన్‌తో తీసేశాను. శుభ్రంగా, ప్రొఫెషనల్‌గా వచ్చిందని సంతోషపడి పొద్దున్నే పంపాను.

మధ్యాహ్నం జవాబు వచ్చింది: "గొంతు నాదే. కానీ నేను ఆ గదిలో లేను."

కోపం రాలేదు గానీ మనసు పాడైంది. సాయంత్రం అమ్మకి ఫోన్ చేసి ఇదంతా చెప్పాను. ఆమెకి రికార్డింగ్ సంగతులు తెలియవు. కానీ మా బాపు దుబాయ్‌లో ఉన్నన్నాళ్ళు ఇంటికి క్యాసెట్ల మీద మాటలు నింపి పంపేవాడు. ఊరికి ఎవరైనా వస్తుంటే వాళ్ళ చేతికిచ్చి పంపేవాడు. నాకు ఆరేడేళ్ళు. ఆ క్యాసెట్లలో బాపు వెనక కూలర్ చప్పుడు, పక్క మంచం మీద ఎవరిదో దగ్గు, మధ్యలో ప్లేట్లు కడుగుతున్న శబ్దం ఉండేవి. నాకు దుబాయ్ అంటే ఇప్పటికీ ఆ కూలరే.

అమ్మ అంది: "క్యాసెట్ల ఎప్పుడైనా అంత మంచిగనే ఉన్నదనే చెప్పెటోడు బిడ్డా. ఒక ఏడు కంపెనీ బందై నాలుగు నెలలు పని లేకుండె. అప్పుడు గూడ అదే మాట. కాని ఆ మాట చెప్పే ముందు ఒక గుక్క ఊపిరి తీసెటోడు. గా ఊపిరి ఇననంగనే నాకు తెలిసిపోయింది."

ఫోన్ పెట్టేసి లాప్‌టాప్ తెరిచాను. నేను కత్తిరించిన ఊపిర్లు మొత్తం 41.

మార్చి 8, శనివారం

అన్న పాట మళ్ళీ మొదటి నుంచి. శ్రుతి సరిచేసినవన్నీ తీసేశాను. ఊపిర్లన్నీ వెనక్కి, మరీ గట్టిగా ఉన్న మూడింటిని మాత్రం కొన్ని డెసిబెల్స్ తగ్గించాను. నాయిస్ రిడక్షన్ పూర్తిగా బంద్. 50 హెర్ట్జ్ దగ్గర కరెంటు గుయ్యిని సన్నగా కోశాను, ఎందుకంటే అది గదిది కాదు, వైరింగ్‌ది. వాన ఉంది. చతురస్రం దగ్గర ఆగిన ఆ ఊపిరి ఉంది.

హాల్లో స్పీకర్ల మీద నలుగురికీ వినిపించాను. గాయని చివరిదాకా కళ్ళు మూసుకుని విని, లేచి టీ పెట్టింది. ఐదు కప్పులు. మొదటి కప్పు నాకే ఇచ్చింది.

మార్చి 22, శనివారం

నాలుగో పాట దగ్గర ఆగిపోయాం. పాట బాగాలేక కాదు.

2009లో లిమెరిక్‌లోని పెద్ద కంప్యూటర్ల ఫ్యాక్టరీ తయారీ పనిని పోలండ్‌కి తరలించింది. ఆ ఒక్కచోటే 1,900 ఉద్యోగాలు పోయాయి. దాని మీద ఆధారపడిన చిన్న చిన్న చోట్ల ఇంకా పోయాయి. గాయని నాన్న అలాంటి ఒక చిన్న చోట పనిచేసేవాడు. ఉద్యోగం పోయిందని ఇంట్లో చెప్పలేదు. రోజూ పొద్దున చొక్కా ఇస్త్రీ చేసుకుని, మామూలు టైముకి బయల్దేరి, షానన్ నది ఒడ్డున కారు ఆపుకుని సాయంత్రం దాకా అందులోనే కూర్చునేవాడు. మూడు వారాలు. స్కూలు బస్సులోంచి అన్న చూశాడు, ఎవరికీ చెప్పలేదు. రెండేళ్ళ క్రితం పెర్త్ నుంచి ఫోన్లో చెల్లెలికి చెప్పాడు. ఆమె పాట రాసింది.

ఇప్పుడు ప్రశ్న: ఇది ఎవరి కథ? ఆమెకి అప్పుడు ఆరేళ్ళు. కారులో కూర్చున్నది నాన్న. చూసింది అన్న. గిటార్ కుర్రాడు పేర్లు, నది, ఊరు అన్నీ మార్చేద్దామన్నాడు. గాయనికి అది నచ్చలేదు. నది తీసేస్తే పాటలో ఏముంటుందంది. "క్రాన్‌బెర్రీస్ వాళ్ళు 'జాంబీ' పాడారు కదా, 1993లో ఇంగ్లండ్‌లోని వారింగ్టన్‌లో పేలిన బాంబులకి చనిపోయిన పిల్లల గురించి. వాళ్ళ ఇళ్ళకి వెళ్ళి అడిగారా?" అన్నాడు డ్రమ్మర్. బేస్ అమ్మాయి జవాబు నాకు సరైనదనిపించింది: ఆ సంగతి అప్పటికే ప్రపంచమంతా పేపర్లలో చదివింది. ఈ కారు సంగతి ఎవరికీ తెలియదు. దేశమంతటికీ తెలిసిన దుఃఖం గురించి పాడటం వేరు, ఒక మనిషి పదహారేళ్ళు దాచుకున్నదాన్ని బయట పెట్టడం వేరు.

నన్నడిగితే, ముందు నాన్నకి వినిపించమన్నాను. వద్దంటే ఫైలు డిలీట్ చేస్తానని మాటిచ్చాను.

ఏప్రిల్ 5, శనివారం

ఆయన వచ్చాడు.

పొడుగాటి మనిషి, తడిసిన జాకెట్ విప్పకుండానే వెనక కుర్చీలో కూర్చున్నాడు. నాతో చెయ్యి కలిపి, డబ్లిన్‌లో ఉంటావా ఇక్కడేనా అని అడిగాడు. స్పీకర్లు పెట్టాను. గాయని ఆయన పక్కన కూర్చోలేదు, సింకు దగ్గర నిలబడింది, వీపు మా వైపు.

నాలుగు నిమిషాల పది సెకన్లు. ఆయన చేతులు మోకాళ్ళ మీదే ఉన్నాయి. ఇస్త్రీ చొక్కా చరణం వచ్చినప్పుడు కుడి చేత్తో ఎడమ చేతి మణికట్టు దగ్గర జాకెట్ అంచు సర్దుకున్నాడు. ఒక్కసారి. పాట అయిపోయింది. వాన చప్పుడు పాటలోదో బయటిదో తెలియలేదు.

"మూడు వారాలు కాదమ్మా" అన్నాడు. "ఐదు."

ఆమె వెనక్కి తిరిగింది.

"మీ అన్నకి మొదటి రెండు వారాలు తెలియదు. అప్పుడు వేరే చోట ఆపేవాణ్ణి." కొంచెం ఆగాడు. "రెండో వారం నుంచి మీ అమ్మ ఫ్లాస్కులో టీ పోసి ఇచ్చేది. అక్కడ పనిచేసినన్నాళ్ళు ఒక్కరోజు కూడా ఫ్లాస్కు తీసుకెళ్ళలేదు, క్యాంటీన్ ఉండేది. ఎందుకని నేను అడగలేదు. తనూ చెప్పలేదు."

గాయని చేతిలో పెన్ను కనిపించింది. ఆయన కూడా చూశాడు. "నా ఐదు వారాలు పాడుకో. ఫ్లాస్కు మీ అమ్మది. తననే అడుగు."

తర్వాత పని. ఇంగ్లిష్‌లో 'త్రీ'కి బదులు 'ఫైవ్', అది కూడా ఒక్క దెబ్బే, తాళంలో సరిపోతుంది. ఆ ఒక్క మాట వరకే పాడించి అతికించి చూశాను. కుదరలేదు. ఇవాళ్టి గొంతు వేరేగా ఉంది. ఆ మాట ఒక్కటీ పక్కింట్లోంచి వచ్చినట్టుంది. మొత్తం పాట మళ్ళీ పాడింది. హాలు తలుపు గాలికి కొట్టుకుంటుంటే ఆయనే లేచి వెళ్ళి, టేకు అయ్యేదాకా భుజంతో నొక్కి పట్టుకుని నిలబడ్డాడు. రెండు టేకులు. రెండోది బాగుంది.

ఏప్రిల్ 6, ఆదివారం

మూడు పాటల మిక్స్ పూర్తయింది. నాలుగో దానికి మూడో చరణం ఖాళీగా ఉంది. గిటార్ మాత్రం వాయించి ఎనిమిది బార్లు, అంటే ఎనిమిది తాళం ఆవర్తాలు, వదిలాం. గాయని ఇవాళ మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళింది. ఇంకా ఫోన్ చేయలేదు, నేనూ చేయలేదు.

వచ్చే శనివారానికి కూడా హాలు తీసుకున్నాను. మైకు స్టాండు కాళ్ళ దగ్గర నేల మీద వేసిన టేపు గుర్తులు పీకకుండా ఉంచాను. తాడు డ్రమ్మర్ దగ్గరే ఉంది.